రద్దు అనే మాట

మా ఏజెన్సీలో రద్దు అనే మాటకు ఎవరూ అర్థం అడగరు. వాగు పొంగితే బస్సు రద్దు. డాక్టరు రాకపోతే వైద్య శిబిరం రద్దు. పిల్లలు తగ్గారంటే బడి రద్దు. దరఖాస్తు పెట్టుకుని ఏళ్లు గడిచాక, ఏ కారణమూ రాయని కాగితం మీద పోడు పట్టా ఆశ రద్దు. చివరికి నేను ఏ జీవో వల్ల టీచర్నయ్యానో ఆ జీవో కూడా రద్దయింది.

దాని సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్తాను. 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో నంబరు జీవో ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని అందులో ఉంది. ఆ జీవో ధైర్యంతోనే మా నాన్న ఒక జత ఎడ్లు అమ్మి నన్ను డీఎడ్‌లో చేర్పించాడు. మా గూడెంలో ఆ చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను కదిలించలేదు, మళ్లీ ఇలాంటిది చేయొద్దని రెండు రాష్ట్రాలకూ చెప్పింది. నా ఉద్యోగం మిగిలింది. నన్ను చూసి డీఎడ్ చదివిన మా మేనకోడలికి మాత్రం ఆ దారి లేకుండా పోయింది. అప్పుడు లాక్‌డౌన్. ఊరి బయటికి అడుగు పెట్టే వీల్లేదు. ధర్నా చేయడానికి కూడా లేదు. మా వేలమంది పిల్లల భవిష్యత్తు మీద వచ్చిన తీర్పు గురించి మేం ఇంట్లో కూర్చుని ఫోన్లలో చదువుకున్నాం. మమ్మల్ని గురించి ఆ తీర్పులో రాసిన ఆదిమ జీవన విధానం అనే అర్థం వచ్చే మాటలు కూడా చదువుకున్నాం.

సరిగ్గా ఆ ఏడాదే, మూడు నెలల తేడాలో, అమెరికాలో ఒక పెద్ద ఉత్తరం వచ్చిందట. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు, తర్వాత చదివాను. 2020 జులైలో హార్పర్స్ అనే పత్రికలో నూట యాభై మందికి పైగా రచయితలు, మేధావులు సంతకాలు పెట్టి ఆ ఉత్తరం వేశారు. సల్మాన్ రష్దీ, నోమ్ చామ్‌స్కీ, మార్గరెట్ అట్‌వుడ్, హ్యారీ పోటర్ రాసిన రౌలింగ్, అందరూ అందులో ఉన్నారు. స్వేచ్ఛగా మాట్లాడే వాతావరణం కుంచించుకుపోతోందనీ, తేడా మాట అంటే జనం సహించడం లేదనీ దాని సారాంశం. ఆ ఉత్తరం ఆ పేరుతో పిలవకపోయినా, అప్పటికే ఆ బాధకు అందరి నోళ్లలో ఒక పేరు ఉంది. క్యాన్సిల్ కల్చర్.

క్యాన్సిల్ అంటే రద్దే కదా. మాట ఒకటే. కానీ వాళ్ల రద్దుకూ మా రద్దుకూ ఎంత దూరమో కొలుద్దామనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఆ మాట మా మండలానికి వచ్చింది 2025 వేసవి సెలవులు అయ్యాక. కాంప్లెక్స్ మీటింగు. మధ్యాహ్నం టీ, మిరపకాయ బజ్జీలు. మైదాన ప్రాంతం నుంచి వచ్చి మా దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సారొకాయన ఉన్నాడు. మంచి మనిషి. పిల్లలకు జ్వరమొస్తే తన బండి మీదే పీహెచ్‌సీకి తీసుకెళ్తాడు. ఆయన అన్నాడు: "మేడమ్, ఈ రోజుల్లో నోరు విప్పాలంటే భయమేస్తోంది. ఒక్క మాట దొర్లితే చాలు, క్యాన్సిల్ చేసేస్తున్నారు. పాపం, ఆ హీరోను చూడండి."

భయమేస్తోందన్న సంగతిని ఆయన ఇరవై మంది ముందు, అందరికీ వినబడేలా చెప్పాడు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

ఆ హీరో సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2025 ఏప్రిల్ 26న హైదరాబాదులో ఒక తమిళ హీరో సినిమా వేడుకకు విజయ్ దేవరకొండ అతిథిగా వచ్చాడు. పహల్గాం ఘాతుకం జరిగి నాలుగు రోజులే అయింది. దేశమంతా దుఃఖంలో ఉంది. ఆ దుర్మార్గుల గురించి మాట్లాడుతూ, అయిదు వందల ఏళ్ల కిందట ట్రైబల్స్ బుర్ర లేకుండా కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నారనే అర్థం వచ్చేలా ఆయన ఒక పోలిక తెచ్చాడు. హాల్లో అభిమానుల చప్పట్లు. ఆ వీడియో మా ఫోన్లలోకి వచ్చేసరికి చప్పట్లు లేవు. గిరిజన సంఘాలు ఫిర్యాదు చేశాయి. మే 3న ఆయన ఒక ప్రకటన ఇచ్చాడు. తాను ట్రైబ్ అన్నది పాతకాలపు మానవ సమూహాలనే అర్థంలోననీ, షెడ్యూల్డు తెగలను ఉద్దేశించలేదనీ, ఎవరికైనా బాధ కలిగితే విచారిస్తున్నాననీ అందులో ఉంది. జూన్‌లో రాయదుర్గం పోలీసు స్టేషన్లో అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. జులై 31న ఆయన పెద్ద సినిమా రానే వచ్చింది. మా పక్క టౌనులో కూడా ఆడింది.

ఇందులో రద్దయినదేమిటని సారుని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "అది కాదు మేడమ్, మనసులో భయం అనేది ఒకటి ఉంటుంది కదా" అన్నాడు. ఉంటుంది. నేను కాదనను. ఇంతకాలం ఏ మాటన్నా తిరిగి మాట రాని చోట మొదటిసారి ఒక మాట తిరిగొస్తే, ఆ కొత్తదనానికి గుండె ఝల్లుమంటుంది. మా అమ్మ సంతలో మొదటిసారి తూకం రాయి ఎత్తి చూపించమన్నప్పుడు ఆ షావుకారు కూడా అలాగే అదిరిపడ్డాడు. ఇప్పపువ్వు కొనడం మానేస్తానని బెదిరించాడు. మర్నాడు సంతకు అందరికంటే ముందొచ్చాడు.

అసలు ఈ క్యాన్సిల్ అనే మాట ఎక్కడ పుట్టిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం. అది పెద్దపెద్ద విశ్వవిద్యాలయాల్లో పుట్టలేదు. అమెరికాలోని నల్లజాతి యువతీయువకులు తమలో తాము వేళాకోళంగా వాడుకున్న మాట అది. ఫలానా పాటగాడు మన ఆడవాళ్లను తిట్టాడా, అయితే వాడు నాకు క్యాన్సిల్. అంటే వాడి పాట ఇక నేను వినను, అంతే. కోర్టు లేదు, పోలీసు లేదు. చేతిలో పత్రిక లేనివాళ్లకు, టీవీ లేనివాళ్లకు, చెవి తిప్పుకోవడం ఒక్కటే చేతనైన పని. ఆ మాటను తెల్లవాళ్ల పత్రికలు ఎత్తుకుని, దాని వెనక కల్చర్ అని తగిలించి, దేశానికి పట్టిన తెగులు అన్నట్టు రాశాయి.

ఇలాంటి కంగారుకు సమాజ శాస్త్రంలో ఒక పేరుంది, మోరల్ పానిక్. స్టాన్లీ కోయెన్ అనే ఆయన 1972లో దీని మీద పుస్తకం వేశాడు. 1964 ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లండులో క్లాక్టన్ అనే సముద్రపుటొడ్డు ఊళ్లో కుర్రకారు రెండు జట్లుగా కొట్లాడుకున్నారు. కొన్ని అద్దాలు పగిలాయి. తెల్లారి పత్రికలు మాత్రం ఊరు మొత్తం ధ్వంసమైనట్టు రాశాయి. ఆ కంగారులో పోలీసులు, జడ్జీలు, పార్లమెంటు అందరూ కదిలారు. కంగారుకు ముందుగా ఒక దయ్యం కావాలి అంటాడు కోయెన్. లోకమంతా చెడిపోతోందంటే చెడగొట్టేవాడొకడు ఉండాలి కదా. ఆ మూకను చూపించాలి. చిన్న సంగతిని పెద్దది చెయ్యాలి. తర్వాత చట్టం తేవాలి.

నేను ఇది చదివినప్పుడు ఇంగ్లండు కుర్రాళ్లు నాకు కళ్లకు కట్టలేదు. స్టువర్టుపురం కట్టింది.

1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే మనిషి దొంగ అనే చట్టం అది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. తర్వాత బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి ఒక సెటిల్మెంటు అప్పగించి, ఒక అధికారి పేరు మీద స్టువర్టుపురం అని పిలిచారు. ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. పేరు పోలేదు. నాకు డీఎడ్‌లో ఒక ఎరుకల స్నేహితురాలు ఉండేది. హాస్టల్లో ఎవరి డబ్బు పోయినా ముందు తన పెట్టె తానే తెరిచి చూపించేది. ఎవరూ అడగకముందే. ఆ అలవాటు ఆమెకు వాళ్లమ్మ నేర్పిందట. దయ్యం చేసిన మనిషి బతుకు అలా ఉంటుంది.

2023లో స్టువర్టుపురం దొంగ కథ మీద టైగర్ నాగేశ్వరరావు అని రవితేజ సినిమా వచ్చింది. టీజర్లో తమ ఊరినీ తమ కులాన్నీ కించపరిచారని ఆ వైపు నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ పడింది. అప్పుడు కూడా నేను ఇదే విన్నాను. ఇప్పుడు సినిమా తీయడం కూడా కష్టమే, ప్రతివాడికీ మనోభావాలే, సృజన స్వేచ్ఛ ఏదీ అని. ఆ ఊరివాళ్లు అడిగింది, మా పిల్లలు కాలేజీలో ఊరి పేరు చెప్పుకోవాలి, కాస్త చూసి మాట్లాడండి అని. 2023 అక్టోబరు 20న సినిమా విడుదలైంది. ఎవరి గొంతు నొక్కారో మీరే చెప్పండి.

ఇంత చెప్పాక, అవతలి మాటలో నిజం లేదా అంటే ఉంది. ఫోనులో జనం ఒక్కసారిగా మీద పడడం చిన్న విషయం కాదు. హీరోకు మేనేజర్లుంటారు, లాయర్లుంటారు, ప్రకటన రాసిపెట్టేవాళ్లుంటారు. ఒక హాస్టల్ వంటమనిషి మీద అరనిమిషం వీడియో తిరిగితే ఆమెకెవరున్నారు? ముందూ వెనకా లేని ఆ ముక్క చూసి, పేరైనా తెలియని వేలమంది తిడతారు. మర్నాటికి పని పోతుంది. నెల తర్వాత అసలు సంగతి బయటపడినా అది ఎవరూ షేర్ చెయ్యరు. ఆ భయం నిజమైన భయమే. కానీ క్యాన్సిల్ కల్చర్ అని బాధపడే వ్యాసాల్లో ఆ వంటమనిషి నాకెక్కడా కనబడలేదు. ఎప్పుడు చూసినా కాలమ్ ఉన్న రచయితే, తన కాలమ్‌లోనే, తనను మాట్లాడనివ్వడం లేదని రాస్తుంటాడు.

మాట్లాడనివ్వకపోవడం అంటే ఏమిటో మా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు తెలుసు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒకటి ఉంది. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ మేం రాయకూడదు, మాట్లాడకూడదు. కొన్నేళ్ల కిందట టీచర్ల వాట్సాప్ గ్రూపులో నేను నాలుగు వాక్యాలు పెట్టాను. పదకొండు మంది పిల్లలున్న ఒక గూడెం బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తే, ఆ అయిదేళ్ల పిల్లలు ఆగస్టులో వాగు ఎలా దాటాలి అని అడిగాను. ఎవరినీ తిట్టలేదు. పేరు కూడా ఎత్తలేదు. మూడో రోజు మెమో వచ్చింది, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలని. గ్రూపు నుంచి కూడా తీసేశారు. తెల్లకాగితం మీద వాగు పేరు, వెడల్పు, పిల్లల పేర్లు, వయసులు రాసి ఇచ్చాను. దాని మీద జవాబు రాలేదు. ఇంక్రిమెంటు మాత్రం కొన్ని నెలలు ఆలస్యమైంది. కారణం ఎవరూ చెప్పలేదు, కాగితం ఎక్కడో ఆగిందన్నారు. అప్పుడు ఏ సారూ నాతో వాక్‌స్వాతంత్ర్యం గురించి మాట్లాడలేదు. "ఎందుకు మేడమ్ మీకు ఇవన్నీ" అన్నారు, ప్రేమగానే.

నాది చాలా చిన్న సంగతి. జార్ఖండ్‌లో జీత్‌రాయ్ హన్స్‌దా అనే ఆదివాసీ అధ్యాపకుడు, నాటక కళాకారుడు ఉన్నాడు. 2017లో ఆదివాసీల తిండి గురించి, గొడ్డుమాంసం తినే సంప్రదాయం గురించి ఫేస్‌బుక్‌లో రాశాడు. రెండేళ్ల తర్వాత, 2019 మేలో పోలీసులు వచ్చి ఆయన్ను అరెస్టు చేశారు. తాతముత్తాతలు ఏం తిన్నారో చెప్పినందుకు జైలు. నాకు తెలిసినంతలో దీన్ని ఎవరూ క్యాన్సిల్ కల్చర్ అనలేదు. అమెరికాలోనూ ఇంతే. స్వేచ్ఛ పోతోందని గోల పెట్టిన కాలంలోనే అక్కడ కొన్ని రాష్ట్రాలు చట్టాలు పెట్టి బడి లైబ్రరీల నుంచి పుస్తకాలు తీయించాయి. 2023–24 విద్యా సంవత్సరంలో అలా తీసేసిన సందర్భాలు పదివేలకు పైగా ఉన్నాయని పెన్ అమెరికా అనే రచయితల సంస్థ లెక్క తేల్చింది. నల్లజాతి రచయిత్రి టోనీ మోరిసన్ పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. ఒక పిల్ల లేచి ఆ మాట నన్ను బాధపెట్టింది అంటే ప్రమాదం అట. ప్రభుత్వం బీరువా తెరిచి పుస్తకం ఎత్తుకుపోతే అది పరిపాలన.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతికి వస్తాను. ఇది పైవాటికన్నా నాకు కష్టం.

ఆ హీరో విషయం నడుస్తున్నప్పుడు మా సంఘం అన్న ఒకాయన రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒకదాంట్లో, ఆ మాటలను ఖండిస్తున్నాం, బహిరంగ క్షమాపణ చెప్పాలి అని ఉంది. రెండోదాంట్లో, రాబోయే ఆయన సినిమాను ఏజెన్సీలో ఎక్కడా ఆడనివ్వకుండా ప్రభుత్వం నిషేధించాలి అని ఉంది. మొదటిదాని మీద సంతకం పెట్టాను. రెండోది తిరిగి ఇచ్చాను.

"ఎందుకు చెల్లీ? టీచర్లకు భయమా?" అన్నాడు.

"భయం కాదన్నా. హన్స్‌దా శేఖర్ పుస్తకం గుర్తుందా?" అన్నాను.

హన్స్‌దా సౌవేంద్ర శేఖర్ సంతాల్. డాక్టరు. జార్ఖండ్‌లో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తూ ఇంగ్లీషులో కథలు రాశాడు. సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. 2015లో 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' అని ఆయన కథల పుస్తకం వచ్చింది. చివరి కథలో ఒక ముసలి సంతాల్ కళాకారుడు ఉంటాడు. ఊళ్లు ఖాళీ చేయించి కట్టబోయే విద్యుత్ కేంద్రం శంకుస్థాపనకు రాష్ట్రపతి వస్తే, ఆయన ముందు ఆడిపాడమని ఇతన్ని పిలుస్తారు. మేం ఆడం అంటాడు. మన గుండెల్లోని మాట. కానీ అదే పుస్తకంలో ఇంకో కథ ఉంది. వలస పోతున్న ఒక సంతాల్ అమ్మాయి ఆకలికి లొంగి ఒళ్లు అప్పగించే కథ. మన ఆడవాళ్లను అవమానించాడని కొందరు సంతాల్‌లే లేచారు. పాకుడ్‌లో దిష్టిబొమ్మలు తగలబెట్టారు. 2017 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, ఆయన్ను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. డిసెంబరులో నిషేధం ఎత్తేశారు.

ఆ కథ నన్ను కూడా బాధపెట్టింది. ఒక ఆదివాసీ స్త్రీగా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ అమ్మాయిని అంత నిస్సహాయంగా చూపడం అవసరమా అని ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలనిపించింది. కానీ వలసల్లో అలాంటివి జరగవని నేను ఎవరి ముందు ప్రమాణం చేయగలను? మిర్చి కోతలకు వెళ్లొచ్చిన మా ఆడవాళ్లు చెప్పీ చెప్పకుండా వదిలేసిన మాటలు నాకు తెలియవా?

ఇంకోటి కూడా చూడండి. పుస్తకం నిషేధించమని అడగగానే ఆ ప్రభుత్వం ఎంత చురుగ్గా కదిలింది! అదే ప్రభుత్వం అంతకుముందు ఏడాది ఆదివాసీ భూములను కాపాడే ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాల కౌలు చట్టాలను సవరించడానికి పూనుకుంది. జనం వీధుల్లోకి వచ్చి మొత్తుకున్నా నెలల తరబడి వినలేదు. భూమి అడిగితే వినని చెవి, పుస్తకం ఆపమంటే విన్నది. మన కోపం వాళ్లకు పనికొచ్చే చోట వాళ్లకు బాగా వినబడుతుంది.

ఇదంతా అన్నకు చెప్పాను. ఆయన తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "చెల్లీ, నువ్వు చెప్పింది పుస్తకాల్లో బాగుంటుంది. మన మాట ఎప్పుడు విన్నారు? అర్జీ ఇస్తే విన్నారా? పాదయాత్ర చేస్తే విన్నారా? ఆపితేనే ఆగి చూస్తారు. డబ్బు దగ్గర తగిలితేనే తెలుస్తుంది" అన్నాడు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. సినిమా మనం చూడొద్దని ఊరూరా చెబుదాం, నేనూ వస్తాను, కానీ ఆపమని కలెక్టర్ చేతికి కాగితం ఇస్తే రేపు అదే కలం మన పాట మీద పడుతుంది అన్నాను. ఆయన టీ తాగి, రెండో కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు మీటింగులకు నన్ను పిలవలేదు. అంటే మా సంఘంలో నేను కొంచెం క్యాన్సిల్ అయ్యానన్నమాట. పెద్దగా ఏమీ కాలేదు. మూడో మీటింగుకు ఫోన్ చేశాడు, లెక్కలు రాసేవాళ్లు లేరని.

మనకు మన సొంత రద్దు కూడా ఉంది. వెలి. దాన్ని దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే అది సగం వ్యాసమే. మైదానంలో వెలి అంటే పైవాళ్లు కిందివాళ్ల మీద వేసేది. 2017లో పశ్చిమగోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నారని దళిత కుటుంబాలకు పనులు బంద్ చేశారు. మా గూడేల్లో అది కులం లోపల కులమే వేసేది. మా చిన్నమ్మ వేరే కులం లారీ డ్రైవరును చేసుకుంది. పంచాయితీ కూర్చుని వెలి వేసింది. మూడేళ్లు మా ఇంటి పండుగకు ఆమె రాలేదు. బోరింగు దగ్గరికి అందరూ వెళ్లిపోయాక వచ్చి నీళ్లు పట్టుకునేది. తర్వాత తప్పు కట్టింది. మేక, బియ్యం, సారా. పెద్దలతో పాటు బంతిలో కూర్చుని తిన్నది. ఆ రోజుతో అయిపోయింది. తప్పు కట్టాక ఆ సంగతి మళ్లీ ఎత్తితే, ఎత్తినవాడికి తప్పు వేస్తారు.

ఈ చివరి కట్టుబాటు నాకు ఇష్టం. మనిషి తిరిగి రావడానికి ఒక వాకిలి ఉంది. ఫోనులో జరిగేదానికి అది లేదు. పదేళ్ల కిందటి మాట కూడా రోజూ కొత్తగా లేస్తుంది. కానీ చిన్నమ్మ చేసిన తప్పేమిటని పంచాయితీలో ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె దూరంగా చింతచెట్టు కింద నిలబడింది. మాట్లాడినవాళ్లంతా మగవాళ్లు. ఎవరిని చేసుకోవాలో తానే తేల్చుకోవడం తప్పని తీర్పు చెప్పి, దానికి మేకను ధర కట్టారు. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. ఆ మాట వస్తే మేక సంగతే చెప్తుంది. అప్పు చేసి కొన్న మేక, ఎంత బలిసి ఉందో, పెద్దలు ఎలా తిన్నారో.

సారు దగ్గరికి మళ్లీ వస్తాను. కిందటి జనవరిలో మా బడిలో వార్షికోత్సవం. ప్రతి ఏడూ ఆదివాసీ నృత్యం అని ఒకటి ఉంటుంది. నడుముకు ఆకులు, ముఖానికి మసి, తలకు ఈకలు, చేతిలో కర్రబల్లెం, నోట్లో హుయ్ హుయ్ అనే కూత. ఏదో పాత సినిమాలో చూసి ఎవరో నేర్పారు, అదే నడుస్తోంది. వేసేది కోయ పిల్లలు. చూసేది కోయ తల్లిదండ్రులు. మా నాయనమ్మ బతికున్న రోజుల్లో ఒకసారి వచ్చి చూసి, ఈళ్లెవరు అని నన్ను అడిగింది. ఆ నృత్యాన్ని ఈసారి సారు చేయిస్తున్నాడు. రిహార్సల్ దగ్గరికి వెళ్లి, సార్, మా ఊళ్లో ఎవరూ ఇలా ఉండరు, ఎప్పుడూ ఉండలేదు, నాకు చూడబుద్ధి కావడం లేదు అని చెప్పాను. అంతే చెప్పాను. హెచ్చెమ్‌కు చెప్పలేదు, ఫోటో తీసి ఎక్కడా పెట్టలేదు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్లుగా ఎవరూ అనలేదే" అన్నాడు.

"ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు సార్."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. స్టాఫ్ రూములో, ఇప్పుడు డాన్సు చేయించాలన్నా అనుమతి కావాలి అని ఎవరితోనో అంటుంటే విన్నాను. మూడో రోజు సాయంత్రం ఆకులన్నీ ఒక మూల కుప్ప పోసి ఉన్నాయి. వరండాలో నా దగ్గరికి వచ్చి, "సరే మేడమ్, మరి ఏం వేయించమంటారు?" అన్నాడు.

నన్ను కాదు, పిల్లలను అడగమన్నాను. అయిదో తరగతి పిల్లలందరినీ కూర్చోబెట్టి అడిగాడు. వాళ్లు గుసగుసలాడుకున్నారు, ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, కొమ్ముల డాన్సు వేస్తాం, మా తాత డోలు తెస్తాడు అంది. దాని పక్కనే ఉన్న పిల్లాడు, నాకు మాత్రం జీన్స్ ప్యాంటు కావాలి సార్ అన్నాడు. సారు నా వైపు చూశాడు. నేనేమీ మాట్లాడలేదు. పర్మిషన్ అడగాల్సింది నన్ను కాదు కదా. వార్షికోత్సవం నాడు కొమ్ముల డాన్సు ఇరవై నిమిషాలు నడిచింది, డోలు తాత దిగనన్నాడు. జీన్స్ పిల్లాడు విడిగా ఒక సినిమా పాటకు గంతులేశాడు. ఆ పాట ఆ హీరో సినిమాలోదే.